హెల్ప్ డెస్క్‌లో టికెట్ ముందుకు కదలకపోతే...

డిగ్రీ, డిప్లొమా ముగించిన మన పిల్లల్లో కొందరు బెంగుళూరు, చెన్నై, పూణె నగరాల్లో హెల్ప్ డెస్క్ ఉద్యోగాల్లో చేరుతున్నారు. అక్కడ ఎదురయ్యే ఒక చిక్కును ఇక్కడ వివరిస్తున్నాం.

హెల్ప్ డెస్క్‌కు వచ్చే ప్రతి ఫిర్యాదుకూ ఒక నంబరు పడుతుంది. దాన్నే టికెట్ అంటారు. గడువులోగా పరిష్కారం కాకపోతే సంగతి దానంతటదే పైవారికి చేరడం ఎస్కలేషన్. లైనక్స్ సర్వర్లపై నడిచే ఓఎస్‌టికెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌నే ఉదాహరణగా తీసుకుందాం. ఇందులో గడువు దాటిన టికెట్‌పై 'ఓవర్‌డ్యూ' అని గుర్తు పడి, హెచ్చరిక మెయిల్ వెళుతుంది.

స్కాలర్‌షిప్ దరఖాస్తు పేజీ తెరుచుకోవడం లేదని ఒక విద్యార్థిని శుక్రవారం సాయంత్రం 5 గంటలకు కాలేజీ హెల్ప్ డెస్క్‌కు రాసిందనుకుందాం. సోమవారం ఉదయం 11 గంటలతో దరఖాస్తులు ఆఖరు. టికెట్ గడువు 4 గంటలు. అయినా ఆదివారం రాత్రి వరకు ఎవరికీ హెచ్చరిక అందలేదు. లోపం ఎక్కడుందో వరుసగా చూడాలి.

1. పనివేళలు: సోమవారం నుంచి శుక్రవారం వరకు, 9 నుంచి 6 గంటల దాకా అని షెడ్యూల్ పెట్టి ఉంటే, శుక్రవారం లెక్కకు వచ్చేది ఒక్క గంటే. మిగతా 3 గంటలు సోమవారం మధ్యాహ్నం 12కు పూర్తవుతాయి. అంటే సాఫ్ట్‌వేర్ చెడిపోలేదు. మనం పెట్టిన నియమమే అటువంటిది. సర్వర్ టైమ్ జోన్ కూడా సరిచూడాలి.

2. క్రాన్: నిర్ణీత వేళకు పనులు నడిపించే లైనక్స్ ఏర్పాటు ఇది. క్రాన్ లేకపోయినా, సిబ్బంది లాగిన్ అయి పేజీలు చూస్తున్నంతసేపు ఓఎస్‌టికెట్ గడువులను తనిఖీ చేస్తుంది. అందుకే పగలు బాగా నడిచి, రాత్రి, సెలవు రోజుల్లో ఆగిపోతే ముందుగా క్రాన్‌నే అనుమానించాలి. ఆ సర్వీసు నడుస్తోందా, లాగ్‌లో మన పని కనిపిస్తోందా చూడండి.

3. పీహెచ్‌పీ: వెబ్ సర్వర్‌కూ కమాండ్ లైన్‌కూ పీహెచ్‌పీ సెట్టింగులు వేరుగా ఉండవచ్చు. వెబ్ సర్వర్ యూజర్ పేరుతోనే క్రాన్ ఫైలును ఒకసారి చేత్తో నడిపితే, లోపమేమిటో తెరపై కనబడే అవకాశం ఉంది.

4. హెచ్చరిక ఎవరికి: టికెట్ ఎవరికీ అప్పగించకుండా, అప్పగించినవారికే మెయిల్ వెళ్ళాలని పెడితే అది ఎవరికీ అందదు. విభాగ మేనేజరును కూడా చేర్చండి.

ఒకసారి ఒక్క సెట్టింగే మార్చి, నోట్‌బుక్‌లో రాసుకోండి. గంట గడువుతో పరీక్ష టికెట్ తెరిచి, అందరూ లాగౌట్ అయ్యాక మెయిల్ వస్తుందేమో చూడండి. అన్నీ సరిచేశాక కూడా, శుక్రవారం ఇంటికి బయలుదేరేముందు మిగిలిన టికెట్లను ఒకసారి స్వయంగా చదవడం మరువకండి. సోమవారం 11 గంటలతో ఆఖరు అన్న మాట ఆ విద్యార్థిని ఫిర్యాదులోనే ఉంటుంది. దాన్ని చదివి అర్థం చేసుకోవలసినది మనమే.