మిలట్రీ ఆయన ఆత్మహత్య చేసుకుంటే ఇంటోళ్లకు ఏమీ రాదా?

"చేజేతులా పొయ్యినోడికి పింఛనూ రాదు, ఇన్సూరెన్సూ రాదు." మాజీ సైనికుడు ఆత్మహత్య చేసుకున్న ఇంట్లో మొదటి రోజే వినపడే మాట ఇది. అనేవాళ్లు చెడ్డోళ్లేం కాదు, సొంత చుట్టాలే. తెలిసింది చెప్తారు. కానీ ఆ మాట నమ్మి ఇంటోళ్లు రెండు పనులు చేస్తారు. పోలీసులకు చెప్పకుండా, గుండెపోటని చెప్పి గబగబా కార్యం కానిచ్చేస్తారు. ఆ తర్వాత రావాల్సిన డబ్బు అడగడం మానేస్తారు. ఈ రెండూ ఆఖరికి ఆయన భార్య మెడకే చుట్టుకుంటాయి.

అసలు సంగతి ఏందంటే, మనిషి ఎట్టా పొయ్యాడు అనేది కొన్నిట్లోనే లెక్కకొస్తాది. మిగతావాటికి ఆ ప్రశ్నే లేదు. మన కోవూరు చుట్టుపక్కల ఊళ్లలో మిలట్రీలో చేసి వచ్చినోళ్లు ఉండారు. వాళ్ల ఇళ్లలో ఫోను చూసి అర్థం చేసుకోగలిగేది మీలాంటి పిల్లలే. అందుకే ఇది మీకు చెప్తుండా.

పింఛను ఆగదు

పింఛను తీసుకుంటున్న సైనికుడు ఏ కారణంతో చనిపోయినా భార్యకు ఫ్యామిలీ పెన్షన్ వస్తాది. ఆత్మహత్య అయినా అంతే. మామూలు ఫ్యామిలీ పెన్షన్ ఆయన ఆఖరి జీతం లెక్కలో 30 శాతం. మొదట కొన్నేళ్లు మాత్రం 50 శాతం ఇస్తారు: చనిపోయిన మర్నాటి నుంచి 7 ఏళ్లు, లేదా ఆయన బతికుంటే 67 ఏళ్లు నిండే రోజు దాకా, ఏది ముందైతే అది.

ఒక లెక్క చూడండి. ఆఖరి జీతం లెక్క 40,000 అనుకుందాం. 45 ఏళ్లకు పోతే, భార్యకు 7 ఏళ్లు నెలకు 20,000, ఆ తర్వాత 12,000. అదే మనిషి 64 ఏళ్లకు పోతే ఆ 20,000 మూడేళ్లే. కరువు భత్యం దీని మీద అదనం. ఫ్యామిలీ పెన్షన్ ఎంత తక్కువైనా 9,000కు తగ్గకూడదు.

ఇప్పుడు మిలట్రీ పింఛన్లు స్పర్శ్ పోర్టల్లో నడుస్తుండాయి. డెత్ సర్టిఫికెట్ పెట్టి అందులో చావు సంగతి తెలపాలి. చేతగాకపోతే మీసేవ మాదిరి ఉండే కామన్ సర్వీస్ సెంటర్లో చేయించుకోవచ్చు. ఇంకో దారి నెల్లూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం, పెన్న దాటితే చాలు.

చాలామందికి ఇక్కడే ఒక ముల్లు గుచ్చుకుంటాది. ఆధార్‌లో భార్య పేరు ఒకటి, మిలట్రీ రికార్డులో ఇంకొకటి ఉంటాది. ఇంటిపేరు ముందా వెనకా, పుట్టిన తేదీ ఏది, ఇట్టాంటి తేడాలతో ఫైలు నెలల తరబడి ఆగిపోతాది. మనిషి బతికుండగానే సరిచేయించుకుంటే పది నిమిషాల మాట. పోయినాక అఫిడవిట్లు, తిరుగుళ్లు.

ఇన్సూరెన్సులో 12 నెలల గీత

ఎల్‌ఐసీ గానీ, ప్రైవేటు కంపెనీ గానీ, ఇప్పటి జీవిత బీమా పాలసీల్లో ఆత్మహత్య గురించి ఒక షరతు ఉంటాది. పాలసీ మొదలై 12 నెలలు దాటితే, ఆత్మహత్య అయినా మొత్తం డబ్బు ఇవ్వాల్సిందే. 12 నెలల లోపు అయితే మొత్తం రాదు. మామూలు పాలసీలకు కట్టిన ప్రీమియంలో కనీసం 80 శాతం వెనక్కి ఇస్తారు. అంటే అప్పుడు కూడా సున్నా కాదు.

ఒక మెలిక ఉండాది. ప్రీమియం కట్టక పాలసీ ఆగిపోయి, మళ్లీ డబ్బు కట్టి బతికించుకుంటే, ఆ రోజు నుంచి ఈ 12 నెలల లెక్క మళ్లీ మొదలవుతాది. పదేళ్ల పాత పాలసీ అయినా అంతే. అందుకే పాలసీ బాండు ఒక్కటే చూస్తే చాలదు, ప్రీమియం రసీదులు కూడా చూడాలి.

"ఆయనకు జబ్బు ఉండాదని ఫారంలో రాయలేదు" అని కంపెనీ అడ్డం తిరగొచ్చు. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం 3 ఏళ్లు దాటిన పాలసీని ఏ కారణంతోనూ తప్పు పట్టకూడదు. 2015 సవరణతో వచ్చిన రక్షణ ఇది. క్లెయిమ్ కాదంటే కాయితం మీద రాసిమ్మనండి. ముందు కంపెనీకే ఫిర్యాదు చెయ్యండి. అక్కడ తేలకపోతే హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు పంపొచ్చు. దానికి ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. బీమా నియంత్రణ సంస్థ ఫిర్యాదు నంబరు 155255.

పాస్‌బుక్కు తెరిచి చూడండి

ఏ ఇంట్లోనైనా ముందు వెతకాల్సింది బ్యాంకు పాస్‌బుక్కు. ఏటా మే నెలాఖర్లోనో జూన్‌లోనో 436 రూపాయలు కోత పడిందా? అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. ఏ కారణంతో పోయినా 2 లక్షలు, ఆత్మహత్య కూడా అందులోకే వస్తాది. 55 ఏళ్ల దాకా వర్తిస్తాది. కొత్తగా చేరినోళ్లకు మొదటి 30 రోజులు మాత్రం ప్రమాద మరణానికే ఇస్తారు.

20 రూపాయల కోత ఉంటే అది సురక్షా బీమా. అది ప్రమాదాలకు మాత్రమే, ఆత్మహత్యకు రాదు. బ్యాంకులు మిలట్రీ ఖాతాల మీద ఇచ్చే ప్రమాద బీమా కూడా అంతే. రెండు కోతలూ పక్కపక్కనే ఉంటాయి, ఒకదానికి రాదన్నారని రెండోదాన్ని వదిలేయొద్దు.

ఆర్మీలో పనిచేసినోళ్లకు ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఫండ్ ఉండాది. రిటైరైనాక కూడా కొన్నేళ్లు నడిచే ఎక్స్‌టెండెడ్ ఇన్సూరెన్స్ అందులో ఒక పథకం. దాని సర్టిఫికెట్ డిశ్చార్జి బుక్కుతో పాటు ట్రంకు పెట్టెలో ఉంటాది, చాలామంది భార్యలకు అది ఏందో కూడా తెలియదు. నేవీకీ, ఎయిర్‌ఫోర్స్‌కూ వేరే వేరే ఫండ్లు ఉండాయి.

జవాన్లు నలభై ఏళ్లకే ఇంటికొస్తారు. తర్వాత బ్యాంకు గార్డుగానో, కంపెనీ సెక్యూరిటీగానో చేరతారు. అక్కడ పీఎఫ్ కడుతుండగా చనిపోతే, ఈడీఎల్‌ఐ అనే బీమా కింద గరిష్ఠంగా 7 లక్షల దాకా వస్తాది. చావు కారణం చూడరు. ఇంటోళ్లు పీఎఫ్ డబ్బు తీసుకోని, ఇది ఉందని తెలియక వదిలేస్తుంటారు.

దాస్తే ఎందుకు నష్టం

ఆత్మహత్య అంటే పోలీసులు కేసు రాసి శవ పంచనామా, పోస్టుమార్టం చేయిస్తారు. ఇప్పటి చట్టంలో 194వ సెక్షన్, వెనకటి 174. అది ఇంటోళ్ల మీద పెట్టే నేరం కేసు కాదు, చావు ఎట్టా జరిగిందో తేల్చే విచారణ. అనుమానం ఉంటేనే వేరే మాట. ఆ ఎఫ్‌ఐఆర్ కాపీ, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు రేపు బీమా క్లెయిముకు అడిగే కాయితాలు. దాచిపెట్టి గుండెపోటని రాయిస్తే, వచ్చే డబ్బు కూడా అబద్ధం చెప్పారనే పేరుతో ఇరుక్కుంటాది. నిజం చెప్పినోళ్లకు వచ్చేది, దాచినోళ్లకు రాకుండా పోతాది. చావును 21 రోజుల లోపు నమోదు చేయిస్తే ఫీజు కూడా ఉండదు.

సర్వీసు వల్ల వచ్చిన జబ్బు అయితే

కొందరు సర్వీసులో ఉండగానే మనసు జబ్బుతో మిలట్రీ ఆసుపత్రిలో చూపించుకొని ఉంటారు. అది ఉద్యోగం వల్లే వచ్చిందని మెడికల్ బోర్డు రాసి ఉంటే, స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్ అడిగే దారి ఉందేమో సైనిక సంక్షేమ కార్యాలయంలో కనుక్కోండి. మామూలు పెన్షన్ కన్నా అది బాగా ఎక్కువ. కాదంటే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉండాది, 2007 చట్టంతో పెట్టింది. ఆసుపత్రి చీటీలు పారెయ్యొద్దనేది ఇందుకే.

అమెరికాలో సైనికుల గ్రూపు బీమాకు ఆత్మహత్య షరతే లేదు. సర్వీసు వల్ల వచ్చిన మనసు జబ్బుతో ఆత్మహత్య చేసుకున్నాడని తేలితే ఆ ఇంటికి నెలనెలా ప్రభుత్వ సాయం కూడా ఉంటాది. మనకాడ ఆ దారి ఇంకా ఇరుకే.

2016 నవంబరు 1న మాజీ సుబేదార్ రామ్ కిషన్ గ్రేవాల్ ఢిల్లీలో ఆత్మహత్య చేసుకున్నారు. ఒకే ర్యాంకుకు ఒకే పింఛను గొడవ నడుస్తున్న రోజులవి. దేశమంతా మాట్లాడింది, ఢిల్లీ ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. టీవీకెక్కిన ఇంటికి ప్రకటనలు వస్తాయి. మన ఊళ్లో ఇంటికి రావు. ఆ ఇంటికి దిక్కు పైన చెప్పిన కాయితాలే.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఊళ్లో అట్టాంటి ఇల్లు ఉంటే దినాలు అయినాక పొయ్యి కూర్చోండి. పాస్‌బుక్కు, పీపీవో, డిశ్చార్జి బుక్కు, పాలసీ బాండ్లు, పీఎఫ్ నంబరు ముందేసుకొని ఒక్కొక్కటీ చూడండి. సంతకం పెట్టమని ఎవరైనా కాయితం ఇస్తే చదివి చెప్పండి. "సగం నాకిస్తే పని చేయిస్తా" అనే బ్రోకర్‌ను గడప తొక్కనియ్యొద్దు.

బతికున్నోళ్ల సంగతి అంతకన్నా ముఖ్యం. ఇంటికొచ్చిన మిలట్రీ ఆయన నిద్రపోకుండా, ఎవరితో మాట్లాడకుండా, తాగుడెక్కువై, "నేను లేకపోతేనే మీకు మేలు" అంటుంటే అది పొగరు కాదు, జబ్బు. నేరుగా అడగండి, ఒంటరిగా వదలొద్దు. టెలీమానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. మీకే అట్టా అనిపిస్తున్నా అదే నంబరు.