గురువులున్న చోటే విశ్వవిద్యాలయం
వాల్తేరు ఆచార్యుల చరిత్ర.. ఒంగోలు నేర్వవలసిన పాఠం

ఒంగోలు: విశ్వవిద్యాలయం అనగానే విశాలమైన ప్రాంగణం, ఎత్తయిన భవనాలు, స్నాతకోత్సవ వేదిక కళ్లముందు మెదలడం సహజం. అయితే ఒక విద్యాసంస్థకు దేశంలో, విదేశాల్లో పేరు తెచ్చేది దాని తరగతి గదుల్లో, ప్రయోగశాలల్లో ఏళ్ల తరబడి తపస్సు చేసిన ఆచార్యులేనని తెలుగునేలపై ఉన్నత విద్య చరిత్ర నిరూపిస్తోంది. నాగార్జున విశ్వవిద్యాలయ స్నాతకోత్తర కేంద్రంగా సాగిన ఒంగోలు చదువుల ప్రాంగణం 2020ల ఆరంభంలో టంగుటూరి ప్రకాశం పంతులు పేరిట ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయంగా రూపొందింది. ఈ నేపథ్యంలో పాత విశ్వవిద్యాలయాలను నిలబెట్టిన గురువులు ఎవరు, వారు ఏం సాధించారు, అది ఎలా సాధ్యపడింది అన్నవి జిల్లా విద్యార్థులు, తల్లిదండ్రులు తెలుసుకోదగిన విషయాలు.

బెజవాడలో పుట్టి.. వాల్తేరు చేరి

మద్రాసు శాసనసభ ఆమోదించిన చట్టం ద్వారా 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. తొలుత బెజవాడ కేంద్రంగా పనిచేసి, 1930లో వాల్తేరుకు తరలింది. తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి. శాసనోల్లంఘన ఉద్యమంపై ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా ఆయన పదవిని త్యజించారు. ఆ స్థానంలోకి 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. 1936లో ఆయన ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లగా, కట్టమంచి తిరిగి బాధ్యతలు చేపట్టి 1949 వరకు కొనసాగారు.

ఇద్దరు ఉపకులపతులకూ ఒక విషయంలో ఏకాభిప్రాయం ఉండేది. ప్రతిభ ఎక్కడ ఉన్నా వెతికి తీసుకురావాలన్నదే అది. భాష, ప్రాంతం అడ్డు కాలేదు. తర్వాతి కాలంలో కేంద్ర విద్యామంత్రి అయిన హుమాయూన్ కబీర్, పార్లమెంటులో మహావక్తగా పేరొందిన హీరేన్ ముఖర్జీ యువకులుగా ఉన్నప్పుడు వాల్తేరులో పాఠాలు చెప్పినవారే. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయల విరాళం ప్రకటించి విజ్ఞానశాస్త్ర కళాశాలకు ఊపిరి పోశారు. దాత ధనాన్ని పాలకులు ప్రతిభావంతుల నియామకానికి, ప్రయోగశాలలకు వినియోగించడం వల్లనే ఆ విరాళం సార్థకమయింది.

పత్తి పూవులో పరిశోధన

రసాయనశాస్త్ర విభాగానికి 1934లో వచ్చిన తిరువెంకట రాజేంద్ర శేషాద్రి తమిళనాడుకు చెందినవారు. ఇంగ్లండులోని మాంచెస్టరులో సర్ రాబర్ట్ రాబిన్సన్ వద్ద పరిశోధన చేసి వచ్చిన ఆయన, వాల్తేరులో దాదాపు శూన్యం నుంచి ప్రయోగశాలను నిర్మించుకున్నారు. ఖరీదైన పరికరాలు లేని రోజుల్లో చుట్టుపక్కల దొరికే మొక్కలనే పరిశోధనకు ముడిసరుకుగా ఎంచుకున్నారు. గుంటూరు, ప్రకాశం మైదానాల రైతుకు నిత్యం కంటికి కనిపించే పత్తి పూవు అందులో ఒకటి. ఆ పూరేకులకు రంగునిచ్చే పదార్థాలను నీలకంఠం అనే సహచరునితో కలిసి ఆయన వేరుచేసి, వాటి నిర్మాణాన్ని నిర్ధారించారు. ఈ వర్ణకాలను శాస్త్రవేత్తలు ఫ్లేవనాయిడ్లు అంటారు. కానుగ గింజల నూనెలోని పదార్థాలపైనా ఆయన బృందం విస్తృతంగా కృషి చేసింది.

రెండవ ప్రపంచ యుద్ధంలో 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నంపై జపాను విమానాలు బాంబులు వేశాయి. అనంతరం విశ్వవిద్యాలయం కొంతకాలం గుంటూరుకు తరలవలసి వచ్చింది. అంతటి ఒడిదుడుకుల్లోనూ శేషాద్రి పరిశోధన ఆగలేదు. 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లిన ఆయనకు 1960లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది.

భౌతికం.. గణితం

కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతం, కలకత్తాలో సర్ సి.వి.రామన్ వద్ద పనిచేసి 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. ముప్పయ్యేళ్లు నిండకముందే ఆచార్య పదవిని అందుకున్నారు. స్ఫటికాల్లోని అణువుల అమరికను గణితంలోని సమూహ సిద్ధాంతంతో వివరిస్తూ టి.వెంకటరాయుడుతో కలిసి ఆయన రచించిన గ్రంథాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే ప్రచురించింది. అనంతరం ఉస్మానియా ఉపకులపతిగా, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకులుగా, రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా ఆయన సేవలందించారు.

గణితశాస్త్రంలో సుబ్బరామయ్య మీనాక్షిసుందరం పేరు నేటికీ ప్రపంచవ్యాప్తంగా వినిపిస్తుంది. డప్పు మోతను బట్టి దాని ఆకారాన్ని, వైశాల్యాన్ని ఎంతవరకు పసిగట్టవచ్చు అన్న ప్రశ్నకు సంబంధించిన గణితంలో ఆయన చేసిన కృషి మూలస్తంభం వంటిది. స్వీడన్‌కు చెందిన ప్లెయెల్‌తో కలిసి 1949లో ఆయన ప్రకటించిన పత్రం ఫలితంగా ఒక గణిత ప్రమేయానికి వారిద్దరి పేర్లే స్థిరపడ్డాయి. సంఖ్యాశాస్త్రంలో ప్రపంచఖ్యాతి గడించిన సి.ఆర్.రావు కూడా 1940 ప్రాంతంలో ఇదే ప్రాంగణంలో గణితం చదువుకున్న విద్యార్థి.

ఒంగోలు బిడ్డ.. భాషాశాస్త్ర దిగ్గజం

తెలుగు శాఖలో పింగళి లక్ష్మీకాంతం, గంటి జోగి సోమయాజి వంటి ఉద్దండులు బోధించారు. ‘ఆంధ్ర భాషా వికాసము’ రచించిన సోమయాజి భాషా చరిత్ర అధ్యయనానికి బాట వేశారు. ఆ బాటలో నడిచి గురువును మించిన శిష్యుడనిపించుకున్న వారు ఒంగోలు బిడ్డ కావడం ఈ ప్రాంతానికి గర్వకారణం. ఆయనే ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి.

1928 జూన్ 19న ఒంగోలులో జన్మించిన కృష్ణమూర్తి, 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి తెలుగు ఆనర్సు పట్టా పొంది అక్కడే అధ్యాపకులయ్యారు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1957లో పిహెచ్‌డి పూర్తిచేశారు. తెలుగు క్రియాధాతువులపై ఆయన చేసిన పరిశోధన 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రచురణగా వెలువడింది. తెలుగుకు తమిళ కన్నడాల కన్నా గోండి, కువి, కొండ వంటి గిరిజన భాషలతో దగ్గరి చుట్టరికం ఉందని స్పష్టంగా నిరూపించిన ఘనత ఆయనకు దక్కుతుంది. లిపి లేని కొండ భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1969లో వెలువడింది.

1962లో ఉస్మానియాలో భాషాశాస్త్ర ఆచార్యులుగా చేరి ఆ శాఖను తీర్చిదిద్దిన ఆయన, పల్లె జనం భాషను పండిత చర్చలోకి తెచ్చారు. జిల్లా జిల్లాకూ మారే వ్యవసాయ పదాలను రైతుల నోటి నుంచి సేకరించి కూర్చిన మాండలిక వృత్తి పదకోశం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వచ్చాయి. సేద్యపు పనిముట్ల పేర్లకు, మగ్గం గుంట చుట్టూ వినిపించే మాటలకు నిఘంటువులో స్థానం దక్కింది. చీరాల వంటి నేత కేంద్రాలున్న ఈ ప్రాంతానికి ఆ కృషి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 1986 నుంచి 1993 వరకు హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేశారు. ద్రావిడ భాషలపై ఆయన బృహద్గ్రంథాన్ని 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ప్రచురించింది. 2012 ఆగస్టు 11న ఆయన కన్నుమూశారు.

పొరుగు పల్లెల నుంచి

గుంటూరు జిల్లా సంగంజాగర్లమూడికి చెందిన కొత్త సచ్చిదానందమూర్తి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్ర ఆచార్యులుగా రాణించారు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, విశ్వవిద్యాలయాల నిధుల సంఘం ఉపాధ్యక్షులుగా వ్యవహరించారు. 2001లో పద్మవిభూషణ్ అందుకున్నారు. అదే జిల్లా వేజెండ్లలో దళిత కుటుంబంలో జన్మించిన కొలకలూరి ఇనాక్, ఆచార్యునిగా, కథకునిగా పేరొంది శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ఉపకులపతి స్థాయికి ఎదిగారు. గుంటూరులో పుట్టిన నాయని కృష్ణకుమారి ఉస్మానియాలో బోధిస్తూ జానపద గేయగాథలపై పరిశోధన చేసి, తెలుగు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్ష పదవిని అలంకరించారు. పల్లెటూరి బడిలో అక్షరాలు దిద్దినా, సామాజికంగా వెనుకకు నెట్టబడినా, స్త్రీ అయినా ఆచార్య పీఠం అందని పండు కాదని వీరి జీవితాలు చాటుతున్నాయి.

ఖాళీ కుర్చీతో నష్టమేమిటి?

ఈ ఆచార్యులందరిలోనూ సమానంగా కనిపించేది కొలువులో స్థిరత్వం. శేషాద్రి వాల్తేరులో పదిహేనేళ్లు పనిచేశారు. భగవంతం అక్కడే శిష్యులను తయారుచేసుకున్నారు. ఒక అంశాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి తవ్వితే తప్ప పరిశోధన ఫలించదు. ఏడాదికోసారి కొలువు ఉంటుందో ఊడుతుందో తెలియని అధ్యాపకునికి ఆ వెసులుబాటు ఉండదు.

రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో బోధనా పోస్టుల ఖాళీలు దీర్ఘకాలంగా వేధిస్తున్న సమస్య. ఒప్పంద, అతిథి అధ్యాపకులతో నెట్టుకొస్తున్న విభాగాలు అనేకం. వారు పాఠాలు శ్రద్ధగానే చెబుతున్నారు. కానీ నిబంధనల ప్రకారం వారికి ఒక హద్దు ఉంది. నిధుల సంఘం 2022లో ప్రకటించిన పిహెచ్‌డి నిబంధనల మేరకు శాశ్వత అధ్యాపకులు మాత్రమే పరిశోధక విద్యార్థులకు పర్యవేక్షకులుగా ఉండగలరు. ఒక్కో ఆచార్యుడు ఏకకాలంలో గరిష్ఠంగా 8 మందికి, సహ ఆచార్యుడు 6 మందికి, సహాయ ఆచార్యుడు 4 మందికి మార్గదర్శనం చేయవచ్చు.

దీని పర్యవసానం లెక్క వేస్తే తేటతెల్లమవుతుంది. ఒక విభాగంలో ఒక ఆచార్యుడు, ఇద్దరు సహ ఆచార్యులు, నలుగురు సహాయ ఆచార్యులు శాశ్వత ప్రాతిపదికన ఉండి, అందరికీ నిర్ణీత అర్హతలున్నాయనుకుంటే 36 మందికి పరిశోధనావకాశం కలుగుతుంది. ఆ ఏడు కుర్చీల్లోనూ అతిథి అధ్యాపకులే కూర్చుంటే ఆ విభాగంలో ఒక్కరికీ అవకాశం ఉండదు. తరగతులు నడుస్తాయి, పరీక్షలు జరుగుతాయి, పట్టాలూ వస్తాయి. పరిశోధన మాత్రం మొలకెత్తదు. అప్పుడు మార్కాపురం, కనిగిరి, దర్శి ప్రాంతాల పేద విద్యార్థి పరిశోధన కోసం మళ్లీ గుంటూరో, తిరుపతో, సుమారు 500 కిలోమీటర్ల దూరాన ఉన్న విశాఖో వెళ్లవలసిందే. ఆ ఖర్చు భరించలేనివారు, ముఖ్యంగా ఆడపిల్లలు, చదువును అక్కడితో ముగించే ప్రమాదం ఉంది.

జిల్లాకు తగిన పరిశోధన

ఒంగోలు పరిసరాల్లో అధ్యయనం చేయవలసిన అంశాలకు కొదవ లేదు. పత్తి, మిరప, పొగాకు సేద్యం, పశ్చిమ మండలాల్లో తాగునీటిలోని ఫ్లోరైడ్, చీమకుర్తి గ్రానైట్, ఒంగోలు జాతి పశుసంపద, తీరప్రాంత మత్స్యకారుల జీవనం.. ప్రతి ఒక్కటీ ఒక ప్రయోగశాలకు సరిపడా విషయమే. వాల్తేరులో శేషాద్రి పెరట్లోని పూవును, పొలంలోని మొక్కను పట్టుకునే అంతర్జాతీయ ఖ్యాతి గడించారు. కృష్ణమూర్తి రైతు నోటి మాటను ఆధారం చేసుకునే నిఘంటువు కూర్చారు. చేతికందే విషయం నుంచే గొప్ప పరిశోధన పుడుతుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అవసరం లేదు.

భవనాలకు నిధులు మంజూరైనప్పుడు శిలాఫలకం వేస్తారు. ఆచార్యుని నియామకానికి శిలాఫలకం ఉండదు. అయినా నూరేళ్ల ఆంధ్ర విశ్వవిద్యాలయ చరిత్రలో జనం నోట నిలిచినవి భవనాల కొలతలు కావు, గురువుల పేర్లు. ఆంధ్రకేసరి పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయానికి అటువంటి పేర్లు సమకూరాలంటే శాశ్వత నియామకాలు సకాలంలో, ప్రతిభే కొలమానంగా జరగవలసి ఉంటుంది. జిల్లా ప్రజాప్రతినిధులు, విద్యాధికులు పాలకులను అడగవలసిన మొదటి ప్రశ్న కూడా ఇదే.