బడిలో గేయనాటిక

పాఠశాలకు వార్షికోత్సవము సమీపించినదనగానే నేడు పలుచోట్ల మొట్టమొదట వెదకునది సినిమాపాటల పట్టిక. యంత్రము పాడుచుండ పిల్లలు పెదవులు కదపుచు గంతులు వేయుదురు. తలిదండ్రులు సెల్‌ఫోనులెత్తి బొమ్మలు తీసికొందురు. పిల్లల గొంతున పలికిన పాట యొక్కటియైనను ఆ వేదికపై వినబడదు.

మన బడులకు ఈ లేమి మొదటినుండి ఉన్నది కాదు. 1880వ సంవత్సరమున రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు ‘వ్యవహార ధర్మబోధిని’ని విద్యార్థులచే ఆడించిరి. రవీంద్రనాథ ఠాకూరు 1908లో శాంతినికేతనములోని బాలుర కొరకే పాటలతో నిండిన ‘శారదోత్సవము’ను రచించెను. న్యాపతి రాఘవరావుగారును, కామేశ్వరిగారును రేడియో అన్నయ్య, అక్కయ్యలై పిల్లలచే ఆడించి పాడించిన సంగతి పెద్దలెరుగుదురు. వీరందరు పిల్లల కంఠమును నమ్మినవారు.

ప్రాథమిక పాఠశాలకు తగిన కథ యేది? అనంతామాత్యుని ‘భోజరాజీయము’లోని ఆవు-పులి కథకంటె అనువైనది నాకు తోచదు. ఇందు మూడే పాత్రలని శంకింప పనిలేదు. మందలోని గోవులు, అడవిలోని చెట్లు, తల్లికై యెదురుచూచు లేగలు – ఎందరు పిల్లలున్నను చోటు దొరకును. మాట నిలుపుకొందునా, బిడ్డను కాపాడుకొందునా అను తల్లియావు సంశయమును బృందమంతయు కలిసి పాడవచ్చును. పాటలు అయిదారు చాలును. బాణీలు కోలాటమునుండియు, గొబ్బిపాటలనుండియు గ్రహింపవచ్చును. లేదా అయిదే స్వరములు గల మోహనరాగమును ఆశ్రయింపవచ్చును. మొత్తము ప్రదర్శన అరగంట మించరాదు.

ఇక నా అపరాధ మొకటి చెప్పవలసియున్నది. నేను తొలిసారి ఈ కథను ఆడించినప్పుడు మూడవ తరగతి బాలుడొకడు బృందగానమున శ్రుతి తప్పుచుండెను. “నాయనా, నీవు పాడవద్దు, నోరు కదిపిన చాలును” అంటిని. వాడు తలయూపెను. ప్రదర్శననాడు చెప్పినట్లే చేసెను. నాటిక రక్తి కట్టినదని అందరు మెచ్చిరి. నాటికకు దుస్తులన్నియు కుట్టి యిచ్చినది వాని తల్లియే. పదిదినముల పిదప ఆమె బడికి వచ్చి, “ఇంటికాడ పొద్దస్తమానం పాడేవాడు మేష్టారూ! ఇప్పుడు పాడరా అంటే ఉత్తినే నోరు కదుపుతున్నాడు” అనెను. ఆమె నిందింపలేదు. అందుచేతనే ఆ మాట నేటికిని నా చెవిలోనున్నది.

తప్పు వానిది కాదు, నాది. నా గొంతుకు ఒకటవ శ్రుతి అనువు గనుక పిల్లలకును అదే పట్టితిని. వారు అంత క్రిందికి దిగలేరు. పైస్థాయికి పోయినచో గొంతు చించుకొందురు. చిన్నపిల్లలకు సాధారణముగా అయిదవ శ్రుతి ప్రాంతము సుఖముగా నుండును. అదియైనను నాలుగుదినములు పాడించి పరీక్షించి నిర్ణయించుకొనవలెను. శ్రుతిలేని బిడ్డలని మనము త్రోసిపుచ్చువారిలో పలువురు తమకు తగని శ్రుతిలో చిక్కుకొన్నవారే.

అభ్యాసమునకు ఆరువారములు కావలెను. మొదటి రెండువారములు నిలిచినచోటనే పాట. పిదప నడక, అభినయము. చివర రెండును కలుపుట. అన్నియు ఒక్కసారి నేర్పబూనినచో ఊపిరి చాలక పాట చెడును. ముఖ్యపాత్రలకు ఇద్దరిద్దరిని సిద్ధపరచవలెను. జ్వరము ముందుగా చెప్పి రాదు గదా!

తలిదండ్రుల సాయము లేనిదే ఈ పని సాగదు. అయితే ప్రతి తల్లికిని తన బిడ్డయే ఆవు కావలెనని యుండును. అందుచే పాత్రలు పంచుటకు ముందే పనులు పంచుట మేలు. వడ్రంగము తెలిసిన తండ్రి కొండను నిలబెట్టును. భజనలో మృదంగము వాయించునతడు తాళమును కాపాడును. మెంతిపిండి కలిపిన కాగితపు గుజ్జుతో తల్లులు పులిమొగము చేయగలరు. ఆ మొగమును ముఖమునకు గాక నుదుటికి కట్టవలెను; లేనిచో పాట లోపలనే అణగిపోవును. కూలికి పోవువారిని పగలు రమ్మనరాదు. సాయంత్రము గంటసేపు వచ్చినను గౌరవముగా స్వీకరింపవలెను. దుస్తులు కొని తెమ్మని ఏ యింటికిని కబురు పంపరాదు. లేనివాని బిడ్డ వేదికమీద లేనివానివలె కనబడుటకంటె నాటిక లేకుండుటయే మేలు.

మరుసటి యేట శ్రుతి మార్చి అదే కథను మరల ఎత్తుకొంటిని. ఆ బాలుని పిలిచితిని. మొదటివారము రాలేదు. రెండవవారము వచ్చి గుమ్మమువద్ద నిలిచెను. కడకు లేగలలో ఒకడై వెనుకవరుసలో పాడెను. గొప్పగా పాడెనని చెప్పను; పాడెను. కిటికీ ప్రక్కన సూదిదారముతో కూర్చున్న వాని తల్లి ఒకసారి తలయెత్తి చూచి, మరల కుట్టు సాగించెను.

ఆవు తానిచ్చిన మాట తప్పక పులియొద్దకు తిరిగిపోయినది. బిడ్డను చేర్చుకొన్ననాడే బడి గూడ ఒక మాట ఇచ్చినట్లే. దానిని నిలుపుకొనుటకు వార్షికోత్సవముకంటె మంచి తరుణ మేమున్నది?