నీలి గీతల నడుమ ఎవరి బండి?

పెద్ద మాల్‌కు పోయినా, కార్పొరేట్ దవాఖానకు పోయినా, కలెక్టరాఫీసుకు పోయినా గేటు దాటినంక ఒక దగ్గర నేల మీద నీలి రంగు పూసి, దాంట్ల తెల్లగ చక్రాల కుర్చీ బొమ్మ గీసి ఉంటది. ఈసారి పోయినప్పుడు ఒక్క నిమిషం ఆగి ఆ బొమ్మ మీద ఏమున్నదో సూడున్రి. శానా చోట్ల పెద్ద కారు ఉంటది. కారు లేకుంటే పూలకుండీలు, సామాన్ల ట్రాలీలు, డీజిల్ డ్రమ్ములు ఉంటయి. కొన్ని చోట్ల సెక్యూరిటీ తమ్ముడు కుర్చీ ఏసుకొని కూసుంటడు. వికలాంగుల బండి తప్ప అన్నీ ఉంటయి.

దీని గురించి మాట్లాడితే మనోళ్లే ఒక మాట అంటరు. "అన్నా, పింఛన్ల కోసం కొట్లాడాలె గని, కార్లు ఆపుకునే జాగ గురించి ఏం లొల్లి?" అని. పింఛన్ కోసం కొట్లాడాల్సిందే, అండ్ల రెండో మాట లేదు. గని ఇది కార్లున్నోళ్ల ముచ్చట కాదు. దవాఖానకు, బ్యాంకుకు, ఆఫీసుకు లోపటికి పోగలుగుతమా లేదా అన్న ముచ్చట. లోపట ర్యాంపు ఉండొచ్చు, లిఫ్టు ఉండొచ్చు, వికలాంగుల టాయిలెట్ ఉండొచ్చు. బండి దిగే జాగ లేకుంటే అవన్నీ ఉన్నా లేనట్టే.

ముందు ఆ జాగ లెక్క తెలుసుకోవాలె. మామూలు కారు ఆపే గడి రెండున్నర మీటర్ల వెడల్పు ఉంటది. వికలాంగుల గడి తక్కువల తక్కువ 3.6 మీటర్లు ఉండాలె. ఇది ఎవరో దయతోని పెట్టిన లెక్క కాదు, భవనాల కొలతలు చెప్పే నేషనల్ బిల్డింగ్ కోడ్‌లనే రాసి ఉన్నది. ఆ ఎక్కువ మీటరు ఎందుకంటే, చక్రాల కుర్చీ మనిషి కారు దిగాలంటె తలుపు మొత్తం తెరవాలె. తలుపు పక్కన కుర్చీ పెట్టాలె. చేతుల బలం మీద సీటు నుంచి కుర్చీలకు జరగాలె. సగం తెరిచిన తలుపుల నుంచి మీరు ఒంటిపక్కగ జారినట్టు ఆయన జారలేడు. దిగుడు ఒక కష్టమైతే ఎక్కుడు ఇంకో కష్టం. పని చూసుకొని బయటకు వచ్చేసరికి, గీతల మధ్య ఖాళీగ ఉంచిన ఆ మీటరు జాగల ఎవడో బైకు పెట్టి పోతడు. ఆ బైకాయన సిన్మ అయిపోయేదాక ఈయన ఎండల కూసోవాలె.

ఇంకో లెక్క దూరానిది. ఆ గడి నుంచి మెయిన్ డోరు 30 మీటర్లకు మించొద్దు. రెండు చంకకర్రల మీద నడిచేటోళ్లకు, కాలుకు క్యాలిపర్ కట్టుకున్నోళ్లకు 30 మీటర్లంటెనే మస్తు దూరం. వంద మీటర్లంటే లోపట డాక్టర్ను కలవకముందే ఒళ్లు గుల్ల అయితది. అందుకే ఆ గడి తలుపుకు దగ్గరుంటది. తలుపుకు దగ్గరున్నందుకే అందరి కన్ను దాని మీదనే పడ్తది.

"ఖాళీగనే ఉన్నది గదా, ఐదు నిమిషాలల్ల తీస్త" అనేటోళ్లు ఎక్కువ. ఖాళీగ ఉండుడే దాని పని అని వీళ్లకు తెల్వదు. ఫైరింజన్ నిలపడే జాగ ఖాళీగ ఉన్నదని అండ్ల ఎవరన్న మిర్చి బండి పెడ్తరా? వికలాంగులు ఎప్పుడొస్తరో చెప్పి రారు. వచ్చినప్పుడు గడి నిండి ఉంటే, ఆ కారాయన యాడున్నడో మైకుల పిలిపించే దాక రోడ్డు మీద ఆగాలె. ఎనుకనుంచి హారన్లు. శానామంది ఈ తిప్పలు పడలేక మర్లిపోతరు. మర్లిపోయినోళ్లు ఏ లెక్కల రారు. "ఎవరూ వస్తలేరు సార్, ఊకె జాగ దండుగ" అని మేనేజర్ చెప్పేది ఆ లెక్క చూసే.

ఐదు నిమిషాలోళ్ల కంటె మొండోళ్లు ఇంకా ఉన్నరు. సర్కారు బోర్డు పెట్టుకున్న కార్లు, వాటిని ఎవరూ అడగరు. వాలే పార్కింగ్ పేరు మీద మేనేజ్‌మెంటే ఆ గడులు వాడుకునే చోట్లున్నయి. స్టిక్కర్ల దుకాణంల చక్రాల కుర్చీ బొమ్మ కొనుక్కొచ్చి అద్దానికి అంటించుకున్నోళ్లున్నరు. అమ్మ పేరు మీదనో తమ్ముని పేరు మీదనో సర్టిఫికెట్ ఉంటది, వాళ్లు ఇంట్ల ఉంటరు, కారు మాత్రం వీళ్లు తెచ్చి నీలి గడిల పెడ్తరు. ఇది మనోళ్ల ఇండ్లల్ల కూడ జరిగే పని, దాచిపెట్టేదేం లేదు. ఆ జాగ కారుకు ఇచ్చింది కాదు, మనిషికి ఇచ్చింది. మనిషి కార్ల లేనప్పుడు ఆ కారు అన్ని కార్ల లెక్కనే.

ఇంకో దిక్కు కూడ ఒక మాట చెప్పాలె. కారు దిగి మంచిగ నడుచుకుంటు పోతున్నడని ఎవరి మీదన్న లేవకున్రి. 1995 చట్టంల వైకల్యాలు ఏడే ఉండె. 2016 చట్టం వాటిని 21 చేసింది. పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లీరోసిస్, కండరాల క్షీణత అసొంటివి కూడ అండ్ల ఉన్నయి. పొద్దున నడిచిన మనిషి పొద్దుగూకే సరికి అడుగు తీయలేకపోవచ్చు. చూసి చెప్పలేం. అందుకే చూసి చెప్పే అవసరం లేకుంట ఒక కార్డు ఉండాలె. అది మనకాడ లేదు.

చట్టం లేక కాదు ఈ గతి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ల బస్టాపులు, రైల్వే స్టేషన్లు, విమానాశ్రయాలల్ల పార్కింగ్ కూడ ప్రమాణాల ప్రకారం ఉండాలని రాసిండ్రు. 44వ సెక్షన్ ఇంకా గట్టిది. ప్రమాణాలు పాటించకుంటె బిల్డింగ్‌కు ప్లాను పర్మిషన్ ఇయ్యొద్దు, పని అయినంక ఇచ్చే సర్టిఫికెట్ కూడ ఇయ్యొద్దు. 45వ సెక్షన్ పాత ప్రజా భవనాలకు ఐదేండ్ల టైమిచ్చింది. రూల్స్ 2017 జూన్ల వచ్చినయి, అంటె 2022 జూన్ల ఆ టైము ఒడిసింది. చట్టం తప్పినోళ్లకు 89వ సెక్షన్ కింద మొదటిసారి పది వేల దాక జరిమానా, మళ్ల తప్పితే యాభై వేల నుంచి ఐదు లక్షల దాక.

మరి ఎక్కడ తెగింది? రూల్స్ కాడ తెగింది. చట్టం "తప్పనిసరి" అన్నది. దాని కింద సర్కారు రాసుకున్న 15వ రూల్ మాత్రం ఒట్టి మార్గదర్శకాలను చూపెట్టింది. చేస్తే మంచిది, చేయకుంటె అడిగేటోడు లేడు అన్నట్టు. చూపు లేని రాజీవ్ రతూరి 2005ల సుప్రీంకోర్టుల కేసేస్తే 2017ల ఒక తీర్పు, 2024 నవంబర్ 8న ఇంకో తీర్పు వచ్చినయి. ఈ రెండో తీర్పుల కోర్టు 15వ రూల్ చట్టానికే ఎదురుగ ఉన్నదని చెప్పి, తప్పనిసరి రూల్స్ మూడు నెలల్ల రాయాలని కేంద్రానికి చెప్పింది. ఆ తీర్పుకు ఆసరా అయిన రిపోర్టు మన హైదరాబాద్‌ల తయారైంది. శామీర్‌పేట్ నల్సార్ యూనివర్సిటీల వికలాంగుల అధ్యయన కేంద్రం దాన్ని రాసింది. దేశానికి పనికొచ్చిన రిపోర్టు పక్కనున్న పట్నంల ఎన్ని సెల్లార్లకు దిగిందో మీరే చూసుకోన్రి.

ఇంకో సందు ట్రాఫిక్ పోలీసుల కాడ ఉన్నది. రోడ్డు మీద బండ్లు యాడ ఆగాలె అన్నది నిర్ణయించే అధికారం మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ సర్కారుకు ఇచ్చింది. గని "వికలాంగుల గడిల బండి పెట్టుడు" అని విడిగ ఒక నేరం ఆ చట్టంల లేదు. మాల్ లోపటి ముచ్చటైతే "అది ప్రైవేటు జాగ, మేం రాము" అంటరు. మాల్‌వాళ్లనడిగితే "కస్టమర్‌కు చలాన్ ఏసే పవర్ మాకు లేదు" అంటరు. ఇద్దరు చెప్పేది నిజమే, ఇద్దరి నడుమ గడి పోయింది.

ప్రైవేటు జాగ అన్న మాటకు నా కాడ ఒక జవాబున్నది. 2018 మార్చిల తెలంగాణ సర్కారు 63 నంబర్ జీవో తీసి, మాల్‌లల్ల, మల్టీప్లెక్సులల్ల తొలి అర్ధగంటకు పార్కింగ్ పైసలు తీసుకోవద్దన్నది. ఆ రోజు ఆ సెల్లార్లు ప్రైవేటువి కావా? ఇరవై ముప్పై రూపాయల కాడ జనం లొల్లి చేస్తె సర్కారు గేటు లోపటికి రాగలిగింది. నీలి గడి కోసం అసొంటి ఇంకో జీవో తీయనీకి ఏం అడ్డమున్నది?

అమెరికాల ఉన్న మనోళ్లను అడగున్రి. డల్లాస్‌ల తెలుగోడు వికలాంగుల గడిల ఐదు నిమిషాలు కాదు, ఐదు సెకన్లు కూడ బండి పెట్టడు. టెక్సాస్‌ల మొదటిసారికే 500 డాలర్లకు తగ్గకుంట జరిమానా ఉన్నది. అద్దానికి ఏలాడేసే నీలి కార్డు మనిషి పేరు మీద ఇస్తరు, ఆ మనిషి ఏ బండిల పోతే ఆ బండికి. ఆడ అంత పద్ధతిగుండే మనిషే సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు మాల్‌ల ఏం జేస్తడో నేను చెప్పను. గుణం మారిందని కాదు, అడిగేటోడు లేడని.

మనకాడ ఆ కార్డు పెద్ద పనేం కాదు. సదరం క్యాంపులల్ల పరీక్షలు చేసి సర్టిఫికెట్లు ఇచ్చిన చరిత్ర మనకున్నది, ఇప్పుడు యూడీఐడీ కార్డులిస్తున్నరు. 2020ల కేంద్రం రూల్ మార్చి, బండి రిజిస్ట్రేషన్ల ఓనర్ వికలాంగుడైతే ఆ సంగతి నమోదు చేసే ఏర్పాటు చేసింది. అంటె మనిషి వివరం ఒక కంప్యూటర్ల ఉన్నది, బండి వివరం ఇంకో కంప్యూటర్ల ఉన్నది. రెండిటిని కలిపి అద్దానికి ఏలాడేసే కార్డు ఇయ్యాలె, అంతే. ఆ కార్డు సొంత కారుకే కాదు, ఆటోల వచ్చిన రోజు ఆటోకు కూడ పనికి రావాలె. శానామంది ఆటోలనే వస్తరు మరి.

ఇప్పుడు అసలు ముచ్చట. ఇన్ని కొలతలు చెప్పిన గదా, అవన్నీ కారు కొలతలే. మన తెలంగాణల, ఆంధ్రల వికలాంగులు నడిపేది కార్లా? పక్క చక్రాల స్కూటీలు. నాదీ అదే, చిన్నప్పుడు పోలియో వచ్చిన మా ఈడోళ్లల్ల శానామందిది అదే. స్కూటీకి అటొకటి ఇటొకటి చక్రం బిగిస్తే వెడల్పు గజం దాటుతది. మామూలు స్కూటీలు రెండు పట్టే జాగ కావాలె. కార్ల గడికి పోతే "ఇది కార్లకు, టూవీలర్లు కిందికి" అంటరు. బైకుల కాడికి పోతే రెండో సెల్లార్ల ఉంటయి. ఆ వాలు మీద దిగుడే ఒక గండం. పక్క చక్రాల బండి మలుపుల ఒంగదు, ఒక పక్కకు ఎత్తేస్తది. కిందికి పోయినంక ఎవడో బైకులు దగ్గరకు జరిపితే ఎనుకకు తీసుకునేటందుకు శానా బండ్లకు రివర్స్ గేరు ఉండదు. కాలుతోని తోసుకుందామంటె కాలే లేకపాయె. మనం లేనప్పుడు జాగ కోసం ఇద్దరు ముగ్గురు బండిని లేపి పక్కకు పెడ్తరు. పక్క చక్రాన్ని పట్టుకొని లేపుతరు, దాని రాడ్డు ఒంగుతది. మెకానిక్ కాడికి పోతే ఒక రోజు కూలి పాయె. కిందనుంచి మీదికి లిఫ్టు ఉన్నదా అంటె, దాని ముందట రెండు మెట్లు.

సర్కారే కార్పొరేషన్ తరఫున ఈ బండ్లు పంచి ఫొటోలు దిగుతది. పంచిన బండి ఆపుకునే జాగ సంగతి మాత్రం పట్టించుకోదు. కార్ల గడి ఒక్కటి తీసుకొని అండ్ల నిట్టనిలువుగ గీతలు గీస్తే ఇసొంటి బండ్లు మూడు నిలవడ్తయి, దిగనీకి జాగ మిగులుతది. నేలమట్టం మీద, తలుపు దగ్గర. ఖర్చు ఒక డబ్బా రంగు.

చేతనైన పనులు కొన్ని చెప్త. నీలి గడిల తప్పుడు బండి కనిపిస్తె సెక్యూరిటీ తమ్ముని మీద అరవకున్రి. ఎండల పన్నెండు గంటలు నిలవడేటోడు పెద్ద కారాయనకు ఎదురు చెప్తె సాయంత్రానికి వాని కొలువు పోతది. మేనేజర్ను పిలువున్రి. నంబర్ ప్లేటు, నేల మీది బొమ్మ రెండూ పడేటట్టు ఫొటో తీసి, తారీకు టైము రాసి మేనేజ్‌మెంట్‌కు కాగితం ఇచ్చి నకలు మీద సంతకం తీసుకోన్రి. అదే కాగితం రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు పంపున్రి. హక్కు పోయిందన్న ఫిర్యాదు మీద విచారణ చేసే పని 80వ సెక్షన్ ఆ కమిషనర్‌కే పెట్టింది, సమన్లు పంపే అధికారం కూడ ఉన్నది.

నాకు ఎక్కువ పనికొస్తదనిపించేది ఆర్టీఐ. మున్సిపాలిటీకి పది రూపాయల దరఖాస్తు. ఫలానా బిల్డింగ్‌కు మంజూరైన ప్లాన్ల వికలాంగుల పార్కింగ్ ఎన్ని గడులు, యాడ చూపించిండ్రు? ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే ముందు ఎవరు వచ్చి చూసిండ్రు, ఏం రాసిండ్రు? ఈ రెండు ప్రశ్నలు చాలు. ప్లాన్ల తలుపు పక్కన గడి ఉండి, ఇప్పుడు ఆ జాగల ఐస్‌క్రీం దుకాణం ఉన్నదనుకోన్రి, అది 44వ సెక్షన్ ముచ్చట అయితది, సంతకం పెట్టిన అధికారి జవాబు చెప్పాలె. జవాబు 30 రోజులల్ల రావాలె. రాకుంటె అదే ఆఫీసుల అప్పీలు అధికారికి రాయాలె, దానికి ఇంకో 30 రోజులు టైముంటది.