పురుగుమందుల డబ్బాలపై హెచ్చరికలు: తయారీదారుల, డీలర్ల చట్టబద్ధ బాధ్యత

తెలుగు రైతు జ్వరానికి వాడేదానినీ, చేనుపై పిచికారీ చేసేదానినీ ఒకే పేరుతో పిలుస్తాడు: మందు. డబ్బాలో ఉన్నది విషమనే స్పృహను ఈ వాడుక కొంత తగ్గిస్తుంది. అందుచేత ఆ విషయాన్ని గుర్తుచేసే భారమంతా డబ్బాపై అతికించిన లేబులు మీద, లోపల ఉంచిన కరపత్రం మీద, దుకాణంలో దానిని చేతికందించే డీలరు మాట మీద పడుతుంది. 2017లో ఆదిలాబాదును ఆనుకొని ఉన్న మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తి చేలపై పిచికారీ చేసిన రైతులు, కూలీలు 20 మందికి పైగా మరణించగా, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. హెచ్చరిక వినియోగదారునికి చేరకపోతే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నకు మన చట్టాలు ఇచ్చే సమాధానాన్ని పరిశీలిద్దాం.

లేబులుపై ఏమి ఉండాలి?

కీటకనాశినుల చట్టం 1968, దాని కింద రూపొందిన 1971 నిబంధనలు ఈ విషయంలో మూలాధారం. రిజిస్ట్రేషన్ సంఖ్య, క్రియాశీల పదార్థం పేరు, దాని శాతం, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ, విరుగుడు వివరం లేబులుపై ఉండాలి. మూలకు నిలబెట్టిన చతురస్రాకారపు గుర్తు లేబులు ముఖభాగంలో కనీసం పదహారవ వంతు స్థలాన్ని ఆక్రమించాలి. అందులోని కింది త్రికోణం రంగు విష తీవ్రతను తెలుపుతుంది. ఎరుపు అత్యంత విషపూరితం, పసుపు అధిక విషపూరితం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ స్వల్పం. ఆకుపచ్చ సైతం 'నిరపాయం' అని చెప్పదు. నిజానికి 'సురక్షితం', 'హానిరహితం' వంటి మాటలను, 'సూచించిన విధంగా వాడితే' అన్న షరతు చేర్చి అయినా సరే, లేబులుపై ముద్రించరాదని నిబంధనలు స్పష్టం చేస్తున్నాయి.

విషప్రభావ లక్షణాలు, ప్రథమ చికిత్స, విరుగుడు, ఖాళీ డబ్బాలను నిర్మూలించే పద్ధతి కరపత్రంలో ఉండాలి. ఇవన్నీ ఇంగ్లీషు, హిందీలతో పాటు సరుకు అమ్ముడయ్యే ప్రాంతపు భాషలో కూడా ఉండాలి. ఈ వివరాలు ప్రాణంతో ముడిపడినవి. ఆర్గానోఫాస్ఫేట్ మందుల విషప్రభావానికి వైద్యులు అట్రోపిన్ వాడతారు. పారాక్వాట్ అనే కలుపుమందుకు మాత్రం విరుగుడే లేదు. రోగి వెంట డబ్బా గాని, కరపత్రం గాని వెళ్లకపోతే ఏ విషమో తెలుసుకోవడంలోనే విలువైన సమయం గడిచిపోతుంది.

'చాలినంత' హెచ్చరిక అంటే?

ఈ చట్టంలోని 3వ సెక్షన్ 'మిస్‌బ్రాండెడ్' అన్న పదాన్ని నిర్వచిస్తూ రెండు కీలకమైన కొలమానాలు ఇచ్చింది. మొదటిది, పాటించినట్లయితే మనుషులకు, పశువులకు ప్రమాదాన్ని నివారించగలిగినంత హెచ్చరిక లేబులుపై ఉండాలి. రెండవది, ఆ సమాచారం కొట్టొచ్చినట్లు కనబడుతూ, మామూలుగా కొని వాడే పరిస్థితుల్లో సాధారణ వ్యక్తి చదివి అర్థం చేసుకోగలిగేలా ఉండాలి. కాబట్టి హెచ్చరికను ఎక్కడో ఒకచోట ముద్రించినంత మాత్రాన సరిపోదు. లేబులు ముఖభాగం 64 చదరపు సెంటీమీటర్లున్న చిన్న సీసాపై పదహారవ వంతు గుర్తుకు దక్కేది 4 చదరపు సెంటీమీటర్లే. దాని పక్కన చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న తెలుగును పొలం గట్టున నిలబడిన రైతు చదవగలడా అన్నదే అసలు పరీక్ష. మిస్‌బ్రాండెడ్ మందును తయారు చేయడం, అమ్మడం రెండూ నేరాలే. మొదటి నేరానికి రెండేళ్ల వరకు జైలు, లేదా 10,000 నుండి 50,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

నష్టపరిహారపు దారి

శిక్ష వల్ల బాధిత కుటుంబానికి పరిహారం అందదు. అందుకు వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఆధారమవుతుంది. 'ఉత్పత్తి బాధ్యత' అన్న ప్రత్యేక అధ్యాయం ఇందులో ఉంది. సరైన వాడకపు సూచనలు గాని, తప్పుగా వాడితే కలిగే ప్రమాదం గురించిన హెచ్చరిక గాని లేకపోతే తయారీదారుడు బాధ్యుడని 84వ సెక్షన్ చెబుతుంది. సాగు కోసం కొన్న రైతు వినియోగదారుడు కాడన్న వాదన నిలవదు. ఆంధ్రప్రదేశ్ రైతులు విత్తనాల విషయంలో వేసిన కేసులో, రైతులు వినియోగదారులేనని సుప్రీంకోర్టు 2012లో తీర్పునిచ్చింది.

డీలరు బాధ్యతను 86వ సెక్షన్ నిర్ణయిస్తుంది. తయారీదారు ఇచ్చిన హెచ్చరికలను అమ్మేటప్పుడు కొనుగోలుదారుకు అందించకపోవడమే హానికి ప్రత్యక్ష కారణమైతే అతడు బాధ్యుడు. కరపత్రాన్ని తీసివేయడం, పెద్ద డబ్బాలోని మందును విడిగా పోసి అమ్మడం ఈ కోవలోకి వస్తాయి. లోపం తనకు తెలియదనీ, కొన్న స్థితిలోనే సరుకును భద్రపరిచాననీ నిరూపించుకునే డీలరుకు కీటకనాశినుల చట్టం రక్షణ ఇస్తుంది. సీలు విప్పి అమ్మినవాడు ఆ రక్షణను తానే వదులుకున్నట్లు.

కూలీకి ఎదురయ్యే చిక్కు

యజమాని తన పనిచోట వాడకానికి కొన్న వస్తువు విషయంలో, ఆ యజమానికి హెచ్చరికలు అందజేసి ఉంటే, చాలినంత హెచ్చరిక లేదన్న కారణంపై తయారీదారుపై చర్యకు వీలుండదని 87వ సెక్షన్ చెబుతోంది. పిచికారీ చేసేది ఎక్కువగా కూలీలే కనుక ఈ మినహాయింపు చాలా ముఖ్యమైనది. కంపెనీ మాట రైతు వద్ద ఆగిపోతే కూలీ నష్టపోతాడు. అందువల్ల కూలీకి చదివి వినిపించడం, చేతి తొడుగులు, ముఖకవచం సమకూర్చడం రైతు కర్తవ్యం. మందులు వాడేవారికి భద్రతా శిక్షణ ఏర్పాటు చేయవలసిన బాధ్యతను 1971 నిబంధనలు తయారీదారులపై, పంపిణీదారులపై కూడా మోపాయి. డీలర్ల కోసం హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003లో ప్రారంభించిన డిప్లొమా కోర్సు ఈ దిశలో ఉపయోగకరమైనది.

రైతులు పాటించవలసినవి

సీలున్న డబ్బానే, బిల్లుతో సహా కొనాలి. బిల్లుపై బ్యాచ్ సంఖ్య ఉన్నదో లేదో చూడాలి. తెలుగు కరపత్రాన్ని అడిగి తీసుకొని పంటకాలం ముగిసే వరకు దాచాలి. అస్వస్థత కలిగితే డబ్బాను, కరపత్రాన్ని రోగితో పాటు ఆసుపత్రికి పంపాలి. మిగిలిన మందును పారబోయక మండల వ్యవసాయాధికారికి తెలియజేయాలి. పరిహారం కోసం రెండేళ్లలోపు, తాము నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. సలహా కోసం జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915ను సంప్రదించవచ్చు.

హెచ్చరిక కర్మాగారంలో మొదలై కూలీ చెవిలో ముగియాలి. ఆ గొలుసులో తన వంతును తెంచినవారిని చట్టం బాధ్యులను చేయగలదు. అయితే అందుకు సాక్ష్యంగా బిల్లు, డబ్బా, కరపత్రం మిగిలి ఉండాలి.