క్లచ్ ఎవరి కాలి కింద ఉంది?

కారు నేర్చుకునే వారిలో చాలామందికి ట్రైనర్‌ని మార్చేద్దామన్న ఆలోచన తొలి వారం దాటాక మొదలవుతుంది. అప్పటిదాకా స్టీరింగ్ పట్టుకోవడమే ఒక సంబరం. ఆ తర్వాత గేర్లు, అద్దాలు, పక్కనుంచి దూసుకొచ్చే ఆటోలు, వెనకనుంచి హారన్లు అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. నిన్న వచ్చిన పని ఇవాళ రాదు. సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతుంది. ఎంత మంచి ట్రైనర్ దగ్గరైనా ఈ తడబాటు తప్పదు. అందుకని బండి ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెట్టి నేర్పేవారి పనితనాన్ని తేల్చలేం. ఆగినప్పుడు పక్క సీటులోని మనిషి ఏం చేశాడన్నది చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

డ్రైవింగ్ స్కూలు కారులో ట్రైనర్ కాళ్ల దగ్గర కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. శిక్షణ కారుకు ఈ జంట నియంత్రణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలు చెబుతున్నాయి. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు ఆపడానికి పెట్టిన ఏర్పాటిది. తొందరలో ఉన్న ట్రైనర్ చేతిలో, అంటే కాలి కింద, ఇదే చదువును చెడగొడుతుంది. బండి ఆగితే మళ్లీ స్టార్ట్ చేయించాలి, వెనక ట్రాఫిక్ నిలిచిపోతుంది, క్లచ్ ప్లేటు అరుగుతుంది. అంత గొడవ దేనికని ఆయనే క్లచ్ తొక్కేస్తాడు, మలుపులో ఆయనే బ్రేకు వేస్తాడు. అవతల నేర్చుకునే మనిషికి బండి సాఫీగా పోతున్నట్టే ఉంటుంది. కోర్సు అయిపోయి సొంత కారు ఎక్కాక, మొదటి సిగ్నల్ దగ్గరే అసలు గుట్టు బయటపడుతుంది.

దీన్ని ముందే పసిగట్టవచ్చు. చాలా శిక్షణ కార్లలో రెండు వైపుల పెడళ్లూ కడ్డీతోనో తీగతోనో ముడిపడి ఉంటాయి. అటువైపు తొక్కితే ఇటువైపు పెడల్ కూడా దిగుతుంది. అరికాలి కింద క్లచ్ దానంతటదే కిందికి పోతోందంటే నడుపుతున్నది వేరేవారన్నమాట. మొదటి మూడు నాలుగు క్లాసుల్లో ఇది మామూలే. రెండో వారం సగానికి వచ్చాక కూడా ఇలాగే ఉంటే, ఖాళీ రోడ్డు మీద కాసేపు కాళ్లు వెనక్కి పెట్టుకోమని ట్రైనర్‌ని అడగాలి. ఫ్లైఓవర్ ఎక్కే చోట ఆగి, వెనక్కి జారకుండా హాఫ్ క్లచ్‌తో కదలడం ఒక్కటి చేయించమంటే చాలు, ఎంత నేర్పారో తేలిపోతుంది. ఆ మాటకు ఒప్పుకునే ట్రైనర్‌ని సాధారణంగా వదులుకోనక్కర్లేదు. ఎప్పటికప్పుడు దాటవేసే మనిషిని మార్చడమే మేలు.

కాలం విషయంలోనూ లెక్క చూసుకోవాలి. సొంత కారు నడపడానికి ఇచ్చే శిక్షణ కనీసం 21 రోజులు సాగాలని, అందులో అభ్యర్థి కనీసం 10 గంటలు బండి నడపాలని నియమం. రోజుకు అరగంట చొప్పున అది సరిపోతుంది. అయితే చాలా ఊళ్లలో ఒకరిని ఇంటి దగ్గర దించి ఇంకొకరిని ఎక్కించుకోవడం అదే అరగంటలో జరిగిపోతుంది. అలా రోజుకు 10 నిమిషాలు పోయినా 21 రోజుల్లో మూడున్నర గంటలు ఎగిరిపోయినట్టే. ఎవరెంతసేపు నడిపారో స్కూలు రిజిస్టరులో రాయాలి కాబట్టి, దాన్ని చూపించమని అడగడం అమర్యాదేమీ కాదు.

గట్టిగా మాట్లాడటం వేరు, కసరడం వేరు. ‘అద్దం చూడకుండా తిప్పావు, పక్కన బైకు ఉంది’ అన్న మందలింపులో పాఠం ఉంది. ‘నీకు రాదులే’ అన్నదాంట్లో ఏమీ లేదు. క్లాసు సాగుతుండగా ఫోన్లో మునిగే ట్రైనర్‌కు ఒకసారి చెప్పి చూడవచ్చు. తాగి వచ్చినా, గేరు మార్పించే నెపంతో చెయ్యి తాకిస్తూ ఆడవాళ్లను ఇబ్బంది పెట్టినా మరో అవకాశం ఇవ్వాల్సిన పనిలేదు. ఆ రోజుతోనే ఆపేసి స్కూలు యజమానికి చెప్పాలి, అవసరమైతే పోలీసులకూ చెప్పాలి.

ఇలాంటివి కాకపోతే స్కూలు మారేముందు అదే స్కూల్లో వేరే ట్రైనర్‌ని అడగడం తేలిక. ఫీజు ముందే కట్టేసి ఉంటారు, వెనక్కి రాబట్టుకోవడం కష్టం. ఒక్కోసారి అసలు చిక్కు ట్రైనర్‌తో కాదు, ఆఫీసులు వదిలే వేళ పెట్టుకున్న క్లాసుతో. ఉదయం ఆరింటికి మార్చుకుంటే సగం భయం పోతుంది.

మార్పుకూ ఖర్చుంది. ఒక్కో కారులో క్లచ్ ఒక్కో ఎత్తులో పట్టుకుంటుంది, కొత్త ట్రైనర్ చెప్పే వరస వేరుగా ఉంటుంది. తొలి రెండు మూడు క్లాసుల్లో వచ్చిన పని కూడా పోయినట్టు అనిపిస్తుంది. అందుకే టెస్టుకు వారం ముందు మారడం మంచిది కాదు. వచ్చినవేవో, రానివేవో కొత్తవారికి మొదటి రోజే చెప్పేస్తే అంతా మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టరు.

స్కూలు మారినంత మాత్రాన ఎల్ఎల్ఆర్‌కు, అంటే లెర్నర్ లైసెన్సుకు, ఏమీ కాదు. అది అభ్యర్థి పేరున ఉండేదే గానీ స్కూలుది కాదు. దాని గడువు 6 నెలలు, అది తీసుకున్న 30 రోజుల తర్వాతే టెస్టుకు వెళ్లవచ్చు. తప్పితే 7 రోజుల తర్వాత మళ్లీ హాజరు కావచ్చు. మూడుసార్లు తప్పితే మాత్రం 60 రోజులు ఆగాలి. కొత్త ట్రైనర్ దగ్గర కావాల్సినన్ని క్లాసులు ఈ గడువులోనే పడేలా చూసుకుని, ఆ తర్వాతే ఆర్టీఏ స్లాటు బుక్ చేసుకోవాలి.