వీనులకు వెచ్చని విందు

పొద్దున్నే పాలబ్బాయి కొట్టే బెల్లు మొదలు రాత్రి చివరి కుక్కర్ విజిల్ దాకా మన చెవులకు క్షణం తీరిక ఉండదు. మిక్సీ రొద, టీవీ గోల, పిల్లల పేచీలు, పక్కింటి వాళ్ళ నీళ్ళ మోటారు! ఇవన్నీ అయ్యాక ఏ మధ్యాహ్నం మూడు గంటలకో కాస్త నడుం వాల్చి ఇష్టమైన పాట విందామని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే, నాలుగో పాటకే తల దిమ్మెక్కిపోతుంది. ‘నాకు ఇయర్‌ఫోన్స్ పడవమ్మా!’ అనేసి పక్కన పడేసే ఇల్లాళ్ళు మనలో చాలామందే ఉన్నారు.

నిజానికి పడనిది పాట కాదు, దాన్ని చెవిలోకి పంపే పరికరం తీరు కావచ్చు. ఒకే పప్పు, ఒకే చింతపండు ఇచ్చి నలుగురిని చారు పెట్టమంటే నాలుగు రుచులు వస్తాయి కదా! ఇయర్‌ఫోన్స్ సంగతీ అంతే. ఒకే పాట ఒకదాంట్లో సూదిలా గుచ్చుతుంది, మరోదాంట్లో గోరువెచ్చని పాలలా దిగుతుంది. ఈ రెండో రకాన్నే ‘వామ్ సౌండ్’ అంటారు. మనం వెచ్చని నాదం అనుకుందాం.

వెచ్చదనం అంటే ఏమిటి?

సంగీతం నేర్చుకున్న వాళ్ళకి మంద్ర, మధ్య, తార స్థాయిలు తెలిసినవే. మామూలుగా మనిషి చెవి 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినగలదు. అంకె చిన్నదైతే మృదంగం తొప్పి మోతలాంటి లోతైన శబ్దం, పెద్దదైతే తాళాల గలగలలాంటి సన్నని శబ్దం అన్నమాట. ఈ మొత్తంలో సుమారు 100 నుంచి 250 హెర్ట్జ్ వరకు ఉండే భాగాన్ని కొంచెం ముందుకు తెచ్చి, పైనున్న సన్నని శబ్దాలను కొంచెం మెత్తబరిస్తే అదే వెచ్చని నాదం.

మన ఆడవాళ్ళు సాధారణంగా పాడుకునే అయిదు, అయిదున్నర శ్రుతిలో షడ్జం సుమారు 200 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అంటే వెచ్చదనం తెచ్చే భాగంలోనే! అందుకే ఇలాంటి ఇయర్‌ఫోన్స్‌లో గాయని గొంతుకు ఒక నిండుదనం వస్తుంది. ఇక చెవిలో గుచ్చుకునేవి ఎక్కువగా ‘స, శ, ష’ల బుసలు. అవి 5,000 నుంచి 8,000 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటాయి. అక్కడ కాస్త తగ్గిస్తే చెవికి ప్రాణం లేచొస్తుంది.

విని చూస్తే...

ఈ రకానికి పేరున్న వాటిలో ష్యూర్ కంపెనీ ఎస్‌ఈ 215 ఒకటి. మైకుల తయారీలో ప్రసిద్ధికెక్కిన ఈ కంపెనీ 1925లో అమెరికాలోని చికాగోలో మొదలైంది. ఈ ఇయర్‌ఫోన్స్ 2011లో వచ్చాయి. ఒక్కో చెవికి ఒక్కో బుల్లి స్పీకరు. వైరు చెవి మీదుగా వెనక్కి తిరుగుతుంది. పాడైతే వైరు ఒక్కటే మార్చుకోవచ్చు. వీటిని, ఒక ఫోన్‌తో వచ్చిన మామూలు ఇయర్‌ఫోన్స్‌ని పక్కపక్కన పెట్టుకుని వరసగా పాటలు వింటే తేడా ఇట్టే తెలిసింది.

మొదట 1957 నాటి ‘మాయాబజార్’లో ఘంటసాల, పి.లీల పాడిన వెన్నెల్లో పడవ పాట. పాత రికార్డింగు కాబట్టి మామూలు ఇయర్‌ఫోన్స్‌లో పాట వెనకాల సన్నగా ‘స్‌స్‌’ అంటూ ఇసుక జల్లిస్తున్నట్టు చప్పుడు. వెచ్చని వాటిలో ఆ చప్పుడు దాదాపు వెనక్కి వెళ్ళిపోయింది. ఘంటసాల గొంతులోని గాంభీర్యం, లీల గొంతులోని తీయదనం రెండూ ముందుకొచ్చి నిలబడ్డాయి. పాత పాటలకు ఈ రకం నిజంగా వరమే!

తర్వాత 1963లో ఎం.ఎస్.సుబ్బులక్ష్మి రికార్డు చేసిన వేంకటేశ్వర సుప్రభాతం. ఇళ్ళలో, గుళ్ళలో మైకుల్లో విని విని మనకది ఒక అలవాటైన చప్పుడులా అయిపోయింది. ఇలా దగ్గరగా వింటే శ్రుతి పరుచుకుని ఉండటం, దాని మీద ఎమ్మెస్ గొంతు, ఆమెతో కలిసి పాడిన రాధా విశ్వనాథన్ గొంతు ఒకదాన్నొకటి పట్టుకుని నడవటం తెలుస్తాయి.

చిట్టిబాబు వీణ దగ్గరికి వచ్చేసరికి లాభం, నష్టం రెండూ కనిపించాయి. మంద్ర, అనుమంద్ర తీగలు మీటినప్పుడు ఆ నాదం చెవిలో ఎంతసేపో నిలిచి మెల్లిగా కరిగిపోయింది. కానీ తీగ మీద వేలు తగిలే ఆ సన్నని ‘టక్కు’, పక్కనుండే తాళం తీగల తళుకు కాస్త మసకబారాయి. అంతా నెయ్యి వేసి కలిపితే పచ్చడి ఘాటు తగ్గుతుంది కదా, అలాగన్నమాట! వయొలిన్, వేణువు, తాళాల స్పష్టత కోరేవారికి ఈ రకం అంతగా నచ్చకపోవచ్చు.

ఇళయరాజా స్వరపరిచిన ‘గీతాంజలి’ 1989లో వచ్చింది. అందులో బాలు, చిత్రల గొంతుల కింద బేస్ గిటారు తనదైన మరో పాట పాడుకుంటూ పోతుంది. మామూలు వాటిలో అది ఉందో లేదో తెలియదు. ఇందులో ప్రతి స్వరం వేరుగా వినిపించింది. అదే ఇప్పటి డాన్సు పాటలు కొన్ని పెడితే మాత్రం ఒకటే హోరు! ముందే మోత ఎక్కువ పెట్టి కలిపిన పాటకు ఈ ఇయర్‌ఫోన్స్ మరికొంత కలుపుతాయి. పాయసంలో బెల్లం రెండుసార్లు వేసినట్టే.

ఇక ప్రవచనాలు, వార్తలు, కథలు. ఆడగొంతు హాయిగానే ఉంది కానీ, బరువైన మగగొంతు కొన్నిచోట్ల కుండలోంచి మాట్లాడినట్టు ముద్దగా వినిపించింది. మీరు ఎక్కువగా మాటలే వినేవారైతే వెచ్చదనం కాస్త తక్కువగా ఉన్నవి చూసుకోండి.

సౌండు తగ్గించినా నిండుగా...

అసలు మేలంతా ఇక్కడుంది. సౌండు బాగా తగ్గిస్తే మన చెవికి లోతైన శబ్దాలు ముందుగా దూరమవుతాయి, పాట పలచబడినట్టుంటుంది. ఈ సంగతిని 1933లోనే అమెరికాలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. పాట పలచగా ఉందని మనమేం చేస్తాం? సౌండు పెంచుతాం! వెచ్చని ఇయర్‌ఫోన్స్‌లో లోతైన శబ్దాలు కాస్త ఎక్కువగానే ఉంటాయి కాబట్టి, సౌండు తగ్గించినా పాట నిండుగానే ఉంటుంది.

అయితే ఇందులోనే ఒక మోసం కూడా ఉంది సుమా! గుచ్చుకునే ఇయర్‌ఫోన్స్‌లో సౌండు ఎక్కువైతే చెవే ‘అబ్బా!’ అని చెప్పేస్తుంది. వెచ్చని వాటిలో ఆ హెచ్చరిక ఉండదు. హాయిగానే ఉంది కదా అని ఒక్కో గీత పెంచుకుంటూ పోతాం. పైగా మాటలు కొంచెం మెత్తగా ఉంటాయి కాబట్టి స్పష్టత కోసం ఇంకో గీత. శబ్దం మెత్తగా ఉన్నంత మాత్రాన తక్కువగా ఉన్నట్టు కాదు!

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల దాకా వినవచ్చు. అదే 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే. 100 అయితే వారమంతటికీ 20 నిమిషాలు! పిల్లలకైతే 75 డెసిబెల్స్ దాటకూడదు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సున్నితమైన కణాలు ఒకసారి పోతే మనుషుల్లో మళ్ళీ మొలవవు. విన్న తర్వాత చెవిలో గుయ్‌మన్నా, ఎదుటివాళ్ళ మాట దూరంగా వినిపించినా సౌండు ఎక్కువైందని అర్థం. అది తగ్గకుండా ఉంటే చెవి డాక్టరుకు చూపించుకోవాలి.

తేలికైన పద్ధతి ఒకటుంది. ఇంట్లో ఏ చప్పుడూ లేని వేళ పాట పెట్టి, ఫోన్‌లో మొత్తం సౌండులో 60 శాతానికి మించకుండా, మాటలు తెలిసేంత మటుకే ఉంచండి. అదే మీ గీత. తర్వాత మిక్సీ తిరిగినా, పక్కింట్లో పెళ్ళి మేళం మోగినా ఆ గీత దాటకండి.

చెవికి కుదిరితేనే సుఖం

రవికె కొలత తప్పితే ఖరీదైన గుడ్డ అయినా నప్పదు. ఇయర్‌ఫోన్స్‌తో వచ్చే రబ్బరు తొడుగులూ అంతే. చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో ఇస్తారు. చెవి రంధ్రాన్ని చక్కగా మూయకపోతే లోతైన శబ్దాలన్నీ బయటికి జారిపోతాయి. వేలు పోసి కొన్నా వెచ్చదనం రాదు. కాబట్టి ఒకే పాట పెట్టి మూడు సైజులూ మార్చి చూడండి. ఏ సైజులో మృదంగం నిండుగా వినిపిస్తే, నొప్పి లేకపోతే అదే మీది. కొందరికి రెండు చెవులకూ వేర్వేరు సైజులు కావాల్సి వస్తుంది, కంగారు పడకండి.

పెట్టుకునేటప్పుడు ఎదుటి వైపు చేత్తో చెవి పైభాగాన్ని కొంచెం పైకి, వెనక్కి లాగితే తొడుగు సులువుగా కూర్చుంటుంది. స్పాంజి తొడుగులైతే వేళ్ళతో సన్నగా నలిపి లోపల పెట్టి, ఉబ్బేదాకా పది పదిహేను సెకన్లు వేలితో ఆపి ఉంచాలి. చెవి మీదుగా వైరు తిరిగే రకం మాటీలకు, కళ్ళజోడు కాడకు అడ్డు తగలొచ్చు. కొనేముందు మీ నగలతోనే పెట్టుకుని చూసుకోండి.

ఉన్నవాటితోనే వెచ్చదనం

కొత్తవి కొనాలనేం లేదు. చాలా ఫోన్లలో సౌండ్ సెట్టింగుల్లో ‘ఈక్వలైజర్’ అని ఉంటుంది. అందులో 100 నుంచి 250 హెర్ట్జ్ దగ్గరి గీతలను కొద్దిగా పైకి, 4,000 నుంచి 8,000 దగ్గరివి కొద్దిగా కిందికి జరపండి. కూరలో ఉప్పు సరిచూసుకున్నట్టు కొంచెం కొంచెంగానే! ఉన్న ఇయర్‌ఫోన్సే చెవికి మెత్తబడతాయి. తీసిన పాట చెవికి కుదిరిందంటే ఖర్చు మిగిలినట్టే.

వంటింట్లో మాత్రం...

చెవిలో దూరే రకం బయటి చప్పుడును బాగా ఆపుతాయి. ఎస్‌ఈ 215 అయితే 37 డెసిబెల్స్ దాకా ఆపుతుందని కంపెనీ చెబుతోంది. కుక్కర్ విజిల్, పాలు పొంగే చప్పుడు, గ్యాస్ లీకయ్యే బుస, పసివాడి ఏడుపు, ఇవేవీ సరిగ్గా వినపడవు. అందుకని పొయ్యి వెలుగుతున్నప్పుడు రెండు చెవులకూ పెట్టుకోవద్దు. అంతగా కావాలంటే ఒక చెవికే. రోడ్డు మీద నడుస్తున్నప్పుడు, బండి నడిపేటప్పుడు అసలే వద్దు.

శుభ్రం ముఖ్యం

* రబ్బరు తొడుగులు విడిగా తీసి, గోరువెచ్చని సబ్బునీళ్ళలో కడిగి, పూర్తిగా ఆరాకే తొడగాలి. స్పాంజి వాటిని తడిగుడ్డతో తుడిస్తే చాలు.
* జాలీని కిందికి వంచి పట్టుకుని, మెత్తని పొడి బ్రష్‌తో దులపాలి. పిన్నీసుతో పొడిస్తే జాలీ చిరుగుతుంది.
* గుబిలి చెవికి సహజ రక్షణ. పదే పదే ఇయర్‌ఫోన్స్ పెడితే అది లోపలికి నెట్టుకుపోతుంది. దాన్ని హెయిర్‌పిన్నులతో తీయకండి.
* చెవి కారుతున్నా, నొప్పిగా ఉన్నా తగ్గేదాకా వాటి జోలికి వెళ్ళొద్దు.
* ఒకరివి ఒకరు వాడుకోకపోవడం మంచిది. తప్పనిసరైతే తొడుగులైనా మార్చుకోండి.

కొనేముందు

1. మీకు బాగా తెలిసిన మూడు పాటలు ఫోన్‌లో పెట్టుకుని షాపుకి వెళ్ళండి. ఒక పాత పాట, ఒక వాయిద్యం, ఒక మాటల రికార్డు ఉంటే చాలు.
2. మొదటి నిమిషంలో ‘ఓహో’ అనిపించినవన్నీ అరగంట వినడానికి పనికిరావు. వీలైనంత ఎక్కువసేపు విని చూడండి.
3. ‘ఎక్స్‌ట్రా బేస్’ అని పెట్టె మీద రాసినంత మాత్రాన అది వెచ్చని నాదం కాదు. మోత గొంతును మింగేస్తే అది హోరే!
4. మీ ఫోన్‌కి ఇయర్‌ఫోన్ పిన్ను పెట్టే రంధ్రం ఉందో లేదో చూసుకోండి. లేకపోతే దానికి సరిపోయే అడాప్టర్ వేరేగా కొనాలి.

ఇంట్లో ఎవరు దగ్గినా, ఎవరు పిలిచినా ముందుగా వినేది ఇల్లాలి చెవులే. ఇంకా ఎన్నో ఏళ్ళు మనవలూ మనవరాళ్ళ ముద్దుమాటలు వినాల్సినవీ అవే. వాటికి రోజుకో అరగంట తీయని పాట వినిపించండి, అదీ తక్కువ సౌండులో. ఆ అరగంటా ‘అమ్మ పాటలు వింటోంది’ అని ఇంట్లో వాళ్ళకి అలవాటు చేయండి. వాళ్ళే మెల్లిగా టీవీ సౌండు తగ్గిస్తారు!